మైకు పాట రెండో వైపు

మా ఉద్దానంలో ఇంగ్లీషు ముక్క రానివాళ్ళకి కూడా కంఠతా వచ్చిన ఇంగ్లీషు పాట ఒకటుంది. మొత్తం కాదు, మొదటి ఐదారు నిమిషాలే. జీడితోటల్లో పనికెళ్ళే ఆడవాళ్ళు, సముద్రం మీదకి వేటకెళ్ళే మగవాళ్ళు, పలాస ఆటోవాళ్ళు అందరూ దాన్ని నోటితో వాయించి చూపించగలరు. ఎవరిదని అడిగితే మాత్రం మా నాన్నదంటారు. కాదని నేను చాలామందితో వాదించాను. నా మాట ఎవరూ నమ్మలేదు.

నాన్న కాశీబుగ్గలో మైకుసెట్టు కొట్టు నడిపేవాడు. పెళ్ళి, అమ్మవారి సంబరం, ఎన్నికల సభ, ఏదైనా సరే, ముప్పయ్యేళ్ళకు పైగా ఈ చుట్టుపక్కల ఆయన లౌడుస్పీకరు బూరలు కట్టాకే మొదలయ్యేది. తోడు మా మావ, అంటే అమ్మ తమ్ముడు. నాన్న ఆంప్లిఫయర్ ముందు కూర్చుంటే, మావ వైర్లు పట్టుకుని కొబ్బరిచెట్లు ఎక్కేవాడు. ఒకరంటే ఒకరికి ప్రాణం, ఒకరి మాట ఒకరికి పడదు. ఇంట్లో మేము తిన్న అన్నమంతా ఆ గోలలోంచి వచ్చిందే.

పలాస రైల్వే క్వార్టర్సులో ఒక గార్డు ఉండేవాడట. ఆయన రిటైరైన రోజు వీడ్కోలు సభకి నాన్నే మైకు కట్టాడు. ఆ గార్డు వెళ్ళిపోతూ నాన్న చేతిలో ఒక క్యాసెట్టు పెట్టి, నీ బూరలు బాగున్నాయో లేదో తెలియాలంటే ఇది పెట్టి చూసుకో, కింది మోత నుంచి పై మోత దాకా అన్నీ ఇందులో ఉన్నాయి అన్నాడట. నాన్న ఆ మాటని వేదవాక్కుగా తీసుకున్నాడు. అందరు మైకుసెట్ల వాళ్ళూ వినాయకుడి పాటతో మొదలుపెడితే, మా నాన్న అంతకు గంట ముందు ఈ ఇంగ్లీషువాళ్ళతో మొదలుపెట్టేవాడు.

అది యాభయ్యేళ్ళ కిందటి ఆల్బం. ప్రోగ్రెసివ్ రాక్ అంటారని కాలేజీలో చేరాక తెలిసింది. దాని పేరు ఇక్కడ రాయను. పేరు చూడగానే మీలో కొందరు తల ఆడిస్తారు, కొందరు పెదవి విరుస్తారు. మావాళ్ళకి ఆ రెండు సౌకర్యాలూ లేవు, చెవులు తప్ప. మొదటి వైపు మొదటి పాటలో బాస్ గిటారు ఒక్కటే వస్తుంది. ఏడు దెబ్బలు కొట్టి మళ్ళీ మొదటికొస్తుంది. ఎనిమిదో దెబ్బ కోసం మన కాలు గాల్లోకి లేస్తుంది, అక్కడ దెబ్బ ఉండదు. చిన్నప్పుడు నేను క్యాసెట్టు పాడయిపోయి ఒక దెబ్బ తెగిపోయిందనుకునేదాన్ని. తరవాత ఆర్గాన్, డ్రమ్ములు, గిటారు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. నాన్నకి ఈ వరస భలే పనికొచ్చేది. బాస్ వస్తున్నప్పుడు పెద్ద డబ్బాలు, ఆర్గాన్ వస్తున్నప్పుడు బూరలు, తాళాలు మోగినప్పుడు సన్న స్పీకర్లు సరిచూసుకునేవాడు.

అన్నీ సరిపోయేదాకా ఆ పాటనే తిప్పి తిప్పి పెట్టేవాడు, సరిపోయేసరికి ఎవరో ఒకరు పరిగెత్తుకుంటూ వచ్చేవారు. పంతులుగారు వచ్చేశారు ఆపమనో, నాయకుడి కారు కనబడుతోంది ఆపమనో. అక్కడికి ఆపేసేవాడు. రెండో పాట ఏమిటో, క్యాసెట్టు తిప్పితే రెండో వైపు ఏముందో ఉద్దానంలో ఒక్క మనిషికీ తెలియదు. అది సామాన్య జనానికి పాట కాదు, కబురు. ఫలానా చోట ఫంక్షను ఉంది, గంటలో మొదలవుతుందన్న కబురు. "మైకు పాట పడ్డాది, లెగండి" అని ఆడవాళ్ళు చీరలు మార్చుకునేవాళ్ళు. పిలిచినవాళ్ళు ఇచ్చిన టైముని ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ ఏడు దెబ్బలు విన్నాకే గుమ్మం దిగేవారు.

క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది. నాన్న ప్రతిసారీ ఆ ఆల్బంని ఎవరినో బతిమాలి కొత్తదాంట్లోకి ఎక్కించుకున్నాడు. కానీ డీజే డబ్బాలు వచ్చాక బూరలు అడిగేవాళ్ళు తగ్గారు. దాంతోపాటు నాన్న చెవులు కూడా తగ్గాయి. ముందు మాకు తెలియలేదు. టీవీ సౌండు పెంచుతున్నాడని అమ్మ తిట్టేది. ఫోనులో మా పిల్లల మాట అందక, నెట్‌వర్కు బాగోలేదని కసురుకునేవాడు. నేను టెక్కలిలో టీచరుని. క్లాసులో వెనక బెంచీ పిల్లలు వినబడనట్టు నటిస్తే ఇట్టే కనిపెట్టేదాన్ని, మా ఇంట్లో మనిషి వినబడినట్టు నటిస్తున్నాడని మాత్రం రెండేళ్ళు కనిపెట్టలేకపోయాను. ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

విశాఖపట్నంలో చెవి డాక్టరు ఒక కాగితం మీద గీత చూపించాడు. కొంత దూరం బాగానే వచ్చి, అక్కణ్ణుంచి మెట్లు దిగినట్టు దిగిపోయింది. లావు మోతలు ఇంకా అందుతాయని, సన్నటివి పోయాయని, పోయినవి ఎంత సౌండు పెట్టినా తిరిగి రావని చెప్పాడు. ఉన్నవి కూడా వచ్చే ఏడాదికి ఎంత మిగులుతాయో చెప్పలేనన్నాడు. చెవికి మిషను ఇచ్చాడు. నాన్న దాన్ని వారం రోజులు పెట్టుకుని చొక్కా జేబులో పడేశాడు. అదేమంటే, అది కూత పెడతాదన్నాడు. బతుకంతా మైకు కూత పెట్టకుండా చూసుకున్న మనిషిని, ఇప్పుడు చెవిలోనే కూత పెట్టుకుని తిరగమంటే ఎలా అని నన్నే ఎదురడిగాడు. 

రైల్లో తిరిగొస్తుంటే, శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక, అడక్కుండానే చెప్పాడు.

"ఒక్కపాలి మొత్తం ఎట్టాల అమ్మీ. మన బూరల మీద, బయట. నలుగురు కూకుని ఇనాల. బాగుందో నేదో ఆలు సెప్పాల. ముప్పయ్యేల్లనుంచి నానొక్కన్నే ఇంతన్నాను. అది బాగుందో, నా పిచ్చో నాకు తెల్దు."

 మేమెవరమూ ఎప్పుడూ వినలేదన్నది నిజం. అమ్మ ఇంట్లో పెట్టనిచ్చేది కాదు. మావకి ఆ పాట మొదలైతే తలనొప్పి. నాకు చిన్నప్పుడు సిగ్గు. బళ్ళో పిల్లలు నన్ను చూసి నోటితో ఏడు దెబ్బలు కొట్టి ఏడిపించేవాళ్ళు. కొట్టు మూసుకున్నాక చిన్న టేప్‌రికార్డరులో నాన్న ఒక్కడే రెండో వైపు వింటూ కూర్చునేవాడని, అన్నానికి పిలవడానికి వెళ్ళిన నేను తలుపు దగ్గరే నిలబడి పిలిచి వచ్చేసేదాన్నని గుర్తొచ్చింది. ఒక్కసారి లోపలికెళ్ళి కూర్చుంటే ఏం పోయేది.

సరే, ఆ వేసవి సెలవుల్లోనే పెడదామని నిశ్చయించాను. నలుగురంటే నేను, అమ్మ, మావ, నాలుగో మనిషిగా, మేమంతా పెద్దమ్మ అని పిలిచే, ఎండుచేపలు అమ్మే ఆవిడ. ఆవిడది సముద్రం ఒడ్డున మత్స్యకారుల ఊరు. వారంలో మూడు రోజులు కాశీబుగ్గ బజారుకొస్తుంది. పొగచుట్ట వల్లో, వీధుల్లో అరిచి అరిచి అమ్మడం వల్లో, ఆవిడ గొంతు మగవాళ్ళ గొంతు కన్నా లావుగా, బొంగురుగా ఉంటుంది. ఆవిడ కూతురి పెళ్ళికి నాన్నే మైకు కట్టాడు. మా ఊరి పక్క సరుగుడు తోటలోకి రండి, అక్కడ అడిగేవాడు లేడు అంది. కాశీబుగ్గలో అయితే బూరలు విప్పిన ఐదు నిమిషాల్లో వీధంతా పోట్లాటకొస్తుంది కనక నాకూ అదే మంచిదనిపించింది. మనుషులు తిరగని చోటు, సాయంత్రం నాలుగు గంటలు, గంటలోపు పని అయిపోతుంది. ఎంత తెలివిగా ఏర్పాటు చేశానో అని మురిసిపోయాను.

మైకుసెట్టు ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. బూర మోత రెండూళ్ళ అవతలికి వెళుతుందని నాకెందుకు తట్టలేదో దేవుడికే తెలియాలి. పైగా అది వేట నిషేధం రోజులు. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఊళ్ళో మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గరే వలలు బాగుచేసుకుంటూ, ఏదైనా జరిగితే బాగుండునని చూస్తూ కూర్చున్నారు.

మావ ట్రాలీ ఆటోలో సామానంతా వేసుకొచ్చాడు. రెండు బూరలు సరుగుడు చెట్లకి కట్టాడు, పెద్ద డబ్బాలు ఇసకలో దించాడు, ఆంప్లిఫయర్‌ని బ్యాటరీకి కలిపాడు. అరవయ్యేళ్ళ మనిషి చెట్టెక్కుతుంటే అమ్మ కిందనుంచి తిట్ల వర్షం. నాన్న తెల్లచొక్కా వేసుకొచ్చాడు. పెన్‌డ్రైవ్ పెట్టి, మా నలుగురినీ ఎదురుగా చాప మీద కూర్చోమని, ఏడు దెబ్బలు వదిలాడు.

అలవాటు కొద్దీ మొదటి పాటనే తిప్పి తిప్పి పెట్టి బూరలు సరిచూసుకున్నాడు. నాలుగోసారికి తోట చివర ఒక ఎర్ర చీర కనిపించింది. దాని వెనక ఇంకో మూడు. పెట్టెలోంచి తీసిన మంచి చీరలు, తలలో కనకాంబరాలు. ఇద్దరు మగవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలు తల మీద పెట్టుకుని వస్తున్నారు. ఒకావిడ పెళ్ళివారికి చదివించడానికి కాబోలు, స్టీలు బిందె పట్టుకొచ్చింది. పాట పూర్తయ్యేసరికి వందకి తక్కువ లేరు. పక్క ఊరి నుంచి కూడా ఆటోలో దిగుతున్నారు.

ఆడవాళ్ళు పెళ్ళనుకున్నారు. మగవాళ్ళు, ఎప్పట్నుంచో కడతామంటున్న జెట్టీ గురించి ఎవరో ఆఫీసరు మాట్లాడతాడనుకున్నారు. పిల్లెవరు, పిల్లడెవరు అని పెద్దమ్మని చుట్టుముట్టి అడుగుతుంటే ఆవిడ నావైపు చూసింది. మావ నా పక్కకొచ్చి, బావకి చెప్పి ఆపించెయ్యి, జనం తెలుసుకున్నారంటే బూరలు మన నెత్తిన పగలగొడతారని గొణిగాడు. నాన్న ఇవేవీ వినలేదు. ఆయనకి వినబడవు. తలెత్తి చూసి, చీరల్లో పూలల్లో కూర్చున్న అంతమందిని చూసి, ఆయన మొహం ఎలా విప్పారిందో నేను చెప్పలేను. నలుగురిని అడిగితే కూతురు ఊరిని పిలిచిందనుకున్నాడు.

అప్పుడు నేను అబద్ధమాడాను. ఒక పెద్దాయన వచ్చి, ఎప్పుడు మొదలవుతుందమ్మా అని అడిగితే, ఇంకాసేపట్లో, కూర్చోండి అన్నాను. బళ్ళో పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పే నోటితోనే. ఏమీ లేదంటే వాళ్ళు లేచిపోతారు. వాళ్ళు లేచిపోతే నాన్న ఆ ఖాళీ ఇసకని చూడాలి. అది నావల్ల కాదు.

మా ఉద్దానం జనానికి ఉన్న ఓర్పు నాకు ఆ రోజు పనికొచ్చింది. ఫంక్షను మొదలవడానికి గంటైనా గంటన్నరైనా కూర్చోవడం వాళ్ళకి అలవాటే. రెండో పాట వచ్చింది, మూడోది వచ్చింది. ఇన్నేళ్ళ తరవాత మైకు పాటకి కొనసాగింపు ఉందని తెలిసి ముందు ఆశ్చర్యపోయారు. తరవాత విమర్శ మొదలుపెట్టారు. ఇతగాడికి పాట రాదా, ఊరికే వాయించుకుంటున్నాడేమిటని ఒకావిడ అడిగింది. గిటారు ఒక్క స్వరాన్నే పట్టుకుని సాగదీస్తుంటే, ఏడుస్తున్నాడు పాపం, ఎవరు పోయారో అని ఇంకొకావిడ జాలిపడింది. పిల్లలు ఇసకలో గంతులు మొదలుపెట్టి, తాళం మారినచోటల్లా ఒకరి మీద ఒకరు పడి, మారిందని తెలిసినా మళ్ళీ మళ్ళీ పడ్డారు. సంబరాల్లో డప్పు కొట్టే ఒక ముసలాయన మాత్రం కళ్ళు మూసుకుని తొడ మీద వేళ్ళతో కొడుతూ కూర్చున్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, వీళ్ళు తప్పు కొట్టడం లేదని, కావాలనే ఒక అడుగు మింగేస్తున్నారని, అది మింగడానికి గుండె ఉండాలని ప్రకటించాడు. పక్కవాళ్ళు నిజమేనన్నట్టు తలలాడించారు. నేను ఇన్నేళ్ళు పాడయిపోయిన క్యాసెట్టు అనుకున్నదాన్ని ఆ ముసలాయన అరగంటలో తేల్చిపారేశాడు.

మొదటి వైపు అయిపోయింది. రెండో వైపు మొత్తం ఒకటే పాట. ఇరవై నిమిషాలకు పైనే ఉంటుంది. నేను కూడా అదే మొదటిసారి వినడం. కొంతసేపు బాగానే నడిచింది. మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోయి, ఏదో మిషనుతో చేసిన గాలి మొదలైంది. ముందు దూరంగా, తరవాత దగ్గరగా, ఈలవేస్తూ, ఇసక మీదుగా వస్తున్నట్టు. కబుర్లు చెప్పుకుంటున్న ఆడవాళ్ళలో పది పన్నెండు మంది లేచి నిలబడి సముద్రం వైపు చూశారు. ఒకామె పిల్లల్ని దగ్గరికి పిలుచుకుంది. సముద్రం ప్రశాంతంగా, ఎండలో మెరుస్తూ ఉంది. తుఫాను రాత్రి ఇంటి కప్పు ఎగిరిపోతుంటే తలుపుకి ఆనుకుని కూర్చున్నవాళ్ళకి ఆ మోత పాట కాదు. మావ వాల్యూము తగ్గించబోయాడు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టి, ఒగ్గీ, ఉండనీ, గాలే కదా, ఎల్లిపోతాది అంది.

అది నిజంగానే వెళ్ళిపోయింది. గాలి సన్నబడి సన్నబడి ఆగిపోయాక, ఎక్కడో ఒక వేణువు మొదలైంది. చాలా సన్నగా, పైస్థాయిలో, దానికి తోడు చిన్న గంటల చప్పుడు. నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. ఇంత హాయైనది మైకు పాట లోపల దాక్కుని ఉందని ఎవరనుకుంటారు.  నాన్న వైపు తిరిగాను, బాగుంది నాన్నా అని చెబుదామని.

నాన్న ఆంప్లిఫయర్ వెనక వంగి వైర్లు కదుపుతున్నాడు. ఒక పిన్ను తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. బ్యాటరీ మీద చెయ్యి వేసి చూశాడు. బూర కింద నిలబడి తల పైకెత్తాడు.  మావ అర్థం కాక, "ఏటయిందయ్యా బావా" అన్నాడు.

"సౌండు ఆగిపోనాదిరా. ఇక్కడ పిల్లంగోయి ఉంతాది. గాలి ఎల్లిపోయాక పిల్లంగోయి ఉంతాది. ఏదీ?"

ఆ వేణువు మా అందరి నెత్తి మీదా మోగుతూనే ఉంది.  అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరు గీసిన మెట్ల గీత నాకు అప్పుడు అర్థమయింది. సన్నవి పోయాయంటే పోయింది ఇదన్నమాట. ముప్పయ్యేళ్ళు కొట్టు మూసుకుని ఆయన ఒక్కడే కూర్చుని విన్నది ఈ ముక్క కోసమే. కొట్టులో వినబడకపోతే చిన్న టేప్‌రికార్డరు తప్పనుకుని, తన బూరల మీద బయట పెడితే తిరిగొస్తుందని ఆశపడ్డాడు. నేను ఆ ఆశకి వందమంది సాక్షులని పోగేశాను. ఇసకలో కూరుకుపోతే బాగుండుననిపించింది.

దగ్గరికెళ్ళి భుజం పట్టుకుని, "మోగుతోంది నాన్నా" అని గట్టిగా చెప్పాను. ఆయన నన్ను నమ్మలేదు. జనం వైపు చూశాడు. వందమంది కదలకుండా, తలలు కొంచెం పక్కకి వంచి, బూర వైపు చూస్తున్నారు. డప్పు ముసలాయన వేళ్ళు కూడా ఆపేశాడు. అది చూశాక నాన్న అర్థం చేసుకున్నాడు. కుర్చీలో కూర్చుండిపోయి, ఆపెయ్యమని మావకి సైగ చేశాడు.

మావ ఆపలేదు. ముప్పయ్యేళ్ళుగా ఆ పాట ఎప్పుడు ఆపుతావని పోరిన మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వేణువు చివరిదాకా మోగి అయిపోయింది. ఆల్బం అక్కడితో ముగిసింది. కెరటాల చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు.

నేను జనం వైపు తిరిగి, అందరి ముందూ నిజం చెప్పేశాను. పెళ్ళీ లేదు, ఆఫీసరూ లేడు, మా నాన్న చెవులు పోతున్నాయి, పోకముందు ఈ పాట మొత్తం నలుగురూ విని బాగుందో లేదో చెబితే వినాలనుకున్నాడు, మిమ్మల్ని మోసం చేసి కూర్చోబెట్టాను, క్షమించండి అన్నాను.  తిడతారనుకున్నాను. స్టీలు బిందె పట్టుకొచ్చినావిడ బిందెని ఒళ్ళోకి లాక్కుంది. ఎవరూ లేవలేదు.

పెద్దమ్మ లేచి, ఇసక దులుపుకుని, నాన్న ముందుకెళ్ళి నిలబడింది. నోరు ఆయన చెవి దగ్గర పెట్టి మాట్లాడినా తోట చివరిదాకా వినబడింది.

"ఏ ముక్క ఇనబడనేదు బాబూ? ఆ సివర్దేనా?"

నాన్న తల ఊపాడు. ఆవిడ ఆంప్లిఫయర్ పక్కన పెట్టిన మైకు లాక్కుంది. రెండుసార్లు గొంతు సవరించుకుంది. ఆ వేణువు వాయించిన వరసని, తను పట్టుకున్నంత మటుకు, నోరు మూసుకుని మూలుగుతూ పాడింది. వేణువు పైన ఎక్కడో పాడినదాన్ని తన బొంగురు గొంతులో, కింద, నేల మీదకి దించి పాడింది. లావు మోత. బూరల్లోంచి అది వస్తుంటే నాన్న తల మెల్లగా పైకి లేచింది.

ఆయన ముందు నమ్మలేనట్టు బూర వైపు చూశాడు, తరవాత ఆవిడ నోటి వైపు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. ఆవిడ చివరిదాకా వచ్చి ఆపింది. నాన్న చెయ్యెత్తి, కాదన్నట్టు వేళ్ళు ఆడించాడు.

"సివర్న పైకి ఎల్లకూడదమ్మా. దిగాల. రెండు మెట్లు దిగి ఆగాల."

పెద్దమ్మకి ఒళ్ళు మండింది. ఇనబడనేదని ఏడిసినోడు నాకు పాట నేర్పుతాడా అంది. డప్పు ముసలాయన నాన్నవైపే మాట్లాడాడు, దిగింది నిజమే, నేనూ విన్నాను అన్నాడు. ఎర్ర చీర ఆమె, దిగలేదు, అక్కడే ఊగిందంది. నిమిషంలో ఊరు రెండు పక్షాలయింది. ఒక్కొక్కరూ మైకు లాక్కుని తాము విన్నట్టు పాడి చూపించారు. ఎవరి వరస వారిది. ఒకతను వల లాగే పాటలా పాడాడు, ఒకామె జోలపాటలా పాడింది. నాన్న ప్రతి ఒక్కరినీ చివరిదాకా విని, ఇక్కడ తప్పు, ఇక్కడ సరే అని దిద్దుతూ, మధ్య మధ్య నాబు తిప్పి వాళ్ళ గొంతులు సరిచేస్తూ, ఒళ్ళు మరిచిపోయాడు. నేను, మావ, అమ్మ చాప మీద కూర్చుని చూస్తున్నాం. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చివరికి పెద్దమ్మ ఓడిపోయింది. సరే నీ మాటే కానీ అని మైకు మళ్ళీ తీసుకుంది. ఈసారి ఆవిడతోపాటు కూర్చున్న ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ముప్పయ్యేళ్ళుగా తెలిసిన పాటని పాడినట్టే పాడారు. చివర రెండు మెట్లు దిగి, అందరూ ఒకేచోట ఆగారు.

నాన్న లేచి వాళ్ళ దగ్గరికెళ్ళాడు. బాగుందా అని అడిగాడు. ఇన్నేళ్ళూ అడగాలనుకున్న మాట, అంత చిన్న గొంతుతో అడిగాడు.

"బాగుంది బాబూ" అంది పెద్దమ్మ. "నువ్వు ముందే మొత్తం ఎట్టుంటే, మా అమ్మాయి పెళ్ళికే నేర్సుకుందుం."

ఆ జవాబు కూడా ఆయనకి పూర్తిగా వినబడింది.